టాంటలస్ నీళ్లు

తిరుపతి కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పే పంకజాక్షి, చాక్‌పీసు వేళ్ల మధ్య తిప్పుతూ ప్రతి మాటనూ కథగా చెబుతుంది. ఆ మధ్యాహ్నం ‘టాంటలైజ్’ వచ్చింది.

“ఆశపెట్టి అందనీకుండా చేసేది. గ్రీకు కథల్లో టాంటలస్ అని ఒక రాజుండాడు. దేవుళ్ల శాపంతో గొంతుదాకా నీళ్లలో నిలబడినాడు. తాగుదామని వంగితే చాలు, నీళ్లు కిందికి పోతాయి. ఆయన పేరుమీదే ఈ మాట వచ్చింది.”

గొంతెండి ఆమె బల్లమీది నీళ్ల గ్లాసెత్తింది. పెదవి తగిలేలోగా నీళ్లు అడుగుకు జారిపోయాయి. దించితే మళ్లీ నిండాయి. మూడుసార్లు ఎత్తినా అంతే. పిల్లలు బిగుసుకుపోయారు.

“ఉండండి మేడమ్, నేను తాపిస్తా,” అంటూ ముందు బెంచీలోని నందిని లేచొచ్చి ఆమె పెదవులకు గ్లాసు పట్టింది. ఈసారి నీళ్లు కదల్లేదు. పంకజాక్షి ఆత్రంగా తాగింది.

సాయంత్రం ఆమె తన గది తాళం తీసి, గడప దాటలేక నిలబడిపోయింది. లోపల బిందె నిండా నీళ్లున్నాయి, తాపించే మనిషే లేదు.