కరాచీకి గాజులు

చాంద్రాయణగుట్ట వెళ్లే బస్సులో నా పక్కన బుర్ఖా వేసుకున్న ఒక పెద్దామె కూర్చుంది. వెనక సీట్లో ఎవరి ఫోన్లోనో వార్తలు గట్టిగా వస్తున్నాయి. కశ్మీర్ సరిహద్దులో మళ్లీ కాల్పులు, పాకిస్తాన్‌కు వీసాలు బంద్.

ఆమె సంచిలోంచి లక్క గాజుల డబ్బా తీసింది.

"నీ ఉమర్ ఎంత, బేటీ?"

"ఇరవై రెండు."

"మా చెల్లె బిడ్డది గూడ గంతే. కరాచీల ఉంటది. జర చెయ్యి ఇయ్యి."

నా వేళ్లు దగ్గరికి నొక్కి పట్టుకుని మెల్లగా గాజు ఎక్కించింది. సరిగ్గా సరిపోయింది.

"చిన్నగున్నప్పుడు చూసిన. పెరిగి ఉంటదని ప్రతి రంజాన్‌కు అందాజగ సైజు పెంచి కొంటున్న. రాస్తా తెరిస్తే పంపుదామని."

"మరి పాతవి?"

"ఇంట్లనే ఉన్నయి. చిన్నగైపోయినయి."

వెనక సీట్లో ఫోనాయన "పాకిస్తాన్ సంగతి ఈసారి తేల్చెయ్యాలె" అంటున్నాడు. ఆమె తిరిగి చూడలేదు. గాజు తీసి, కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టుకుని దిగిపోయింది.

అది జరిగి చాలా ఏళ్లైంది. రెండు దేశాల మధ్య చర్చలంటే ఇప్పటికీ వార్త చివరిదాకా వింటాను. మొన్న లాడ్ బజార్‌లో అదే సైజు గాజు అడిగితే నా చేతికి ఎక్కలేదు. కరాచీలో ఆ అమ్మాయికీ ఎక్కకపోవచ్చు.