వెలగని మూడో వరస

ల్యాబులో అందరూ ఆమెను చుక్కలక్క అంటారు. వేలిగోరంత గాజు చిప్ మీద వరసలుగా చుక్కలుంటాయి. రోగి రక్తం వేసి, రంగుమందు పోసి స్కానర్‌లో పెడితే, ఏ జబ్బు జాడ ఉంటే ఆ వరస మెరుస్తుంది. మూడో వరస గుండెది. పంతొమ్మిదేళ్లుగా ఆ చుక్కలు చదవడమే ఆమె పని. డాక్టర్లు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు.

శుభ్రం పిచ్చి కూడా ఎక్కువే. స్కానర్ గది కిటికీకుండే నల్ల తెర మాసిందని ఇంటికి పట్టుకెళ్లి ఉతికింది. తెల్లారేసరికి అది ఆరలేదు. ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకుని ఉత్తచేతులతో వచ్చేసింది. ఎండ తగిలితే రంగుమందు వెలిసిపోతుందని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది ఈమే!

ఆ పొద్దునే తమ్ముడొచ్చాడు. గోడలకు రంగులేసే పని వాడిది. "ఛాతీ పట్టేసినట్టుందక్కా, గ్యాసేమో" అన్నాడు నవ్వుతూ. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఆమే. రక్తం తీసి చిప్ మీద వేసి, రంగుమందు పట్టించి బల్ల మీద ఉంచింది. రంగు ఇంకేదాకా, అరగంట సేపు వాడికి ధైర్యం చెబుతూ కూర్చుంది. బల్ల మీదికి ఎండ పాకడం గమనించనేలేదు.

ఎవరి చిప్ అయినా స్కానర్‌లో పెట్టగానే ఆమె ముందుగా మూలనున్న చుక్క చూస్తుంది. జబ్బున్నా లేకున్నా అది వెలగాలి. వెలగలేదంటే చిప్పే చెడినట్టు. కానీ తమ్ముడి చిప్ అనేసరికి కళ్లు నేరుగా మూడో వరస మీదికే పరిగెత్తాయి. అక్కడంతా చీకటి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"నీ గుండెకేంరా, గుండ్రాయి! పోయి పని చూసుకో" అని వీపు మీద ఒకటేసి పంపింది.

మధ్యాహ్నం ఫైల్లో పెట్టబోతూ, స్కానర్ తీసిన బొమ్మ మళ్లీ చూసింది. మూల చుక్క కూడా నల్లగానే ఉంది. మిగిలిన రక్తంతో, ఈసారి చిప్‌ను ఎండ తగలకుండా బీరువాలో దాచి, మళ్లీ చేసింది. మూల చుక్క వెలిగింది. మూడో వరస దానికన్నా గట్టిగా వెలిగింది.

తమ్ముడు రంగులేస్తున్న ఇంటి అడ్రసు అంబులెన్స్‌కి చెప్పి, వాడికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావురా?"

"నిచ్చెన మీదక్కా. చెప్పు."

"మెల్లగా దిగి కింద కూర్చో. అంబులెన్స్ వస్తోంది."

"అదేంటి? ఏం లేదన్నావుగా?"

"తప్పు చదివానురా."

పంతొమ్మిదేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"ఊరుకో, నువ్వు తప్పు చదవడమేంటి!" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. "సరే, దిగుతున్నా."

ఫోన్ కట్ చెయ్యకుండానే జేబులో వేసుకున్నాడు. మెట్టు మెట్టుకీ చప్పుడు వినిపిస్తోంది. అలవాటు కొద్దీ ఆమె లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది ఎంతకీ రాలేదు.

"అక్కా, కాసేపు ఆగుతా. చేతికి పట్టు దొరకట్లేదు."

"వదలకురా! గట్టిగా పట్టుకో!" అని అరిచింది ఆమె, ఆరు వీధుల అవతల, ఎండ నిండిన ఆ గదిలో నిలబడి.