నీళ్లు పెట్టి ఎన్ని దినాలైంది?

మా మేస్త్రీ పోయినాడని పోయిన వారం ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఫోన్ చేసింది ఆయన కోడలు. అప్పటికి నేను రాప్తాడు షాపులో కూర్చుని, ఆ రోజు ఆయన వెళ్లాల్సిన పనులే ఫోన్లో సర్దుతున్నాను.

మాది బోరు మోటార్లు పైకెత్తి, బాగుచేసి, మళ్లీ దించే వ్యాపారం. రెండు బండ్లు, ఏడుగురు మనుషులు. మేస్త్రీ మా నాయన కాలం నుంచి ఉన్నవాడు. ఏ ఊళ్లో ఎవరి బోరుకు ఎన్ని పైపులు దించామో ఆయనను అడిగితే చాలు. చెప్పే ముందు తలమీది తువ్వాలు తీసి ఒకసారి దులిపేవాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ల కిందట షాపుకు ఒక ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ తెచ్చాను. ఒక్కో పనికి ఒక్కో కార్డు. ఎవరు పోవాలి, ఏ సామాను కావాలి, పని ఎంతదాకా వచ్చింది, అన్నీ అందరి ఫోన్లలో కనబడతాయి. ఇంత చిన్న షాపుకు ఇదేం సోకు అని చాలామంది నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. అట్లని ఫోన్ చేతిలోకీ తీసుకోలేదు. "నువ్వు చదువప్పా, నేను వింటా" అన్నాడంతే.

అబద్ధమెందుకు, లాభమే కలిగింది. రెండు బండ్లూ ఒకే ఊరికి పోవడం ఆగింది. కేబులు మరిచిపోయి పామిడి నుంచి వెనక్కి రావడం ఆగింది. దాంతో నాకు కొంచెం పొగరు కూడా ఎక్కింది.

ఆ పొగరులోనే తప్పు చేశాను. పోయిన ఎండాకాలం సాఫ్ట్‌వేర్ పనులను రాయించిన తేదీల వరసలో పేర్చింది. మొదటి కార్డు పంట కోసేసిన ఖాళీ చేనిది. బాగా కిందున్న ఒక కార్డు, ఒక్కతే సేద్యం చేసుకునే ఒకామెది. కొత్తగా చీనీ, అదే బత్తాయి మొక్కలు నాటింది. ముందు ఆమె దగ్గరికి పోదామని మేస్త్రీ రెండుసార్లు చెప్పాడు. వరస తప్పితే అందరికీ జవాబు చెప్పుకోవాలి, లిస్టు ప్రకారమే పోదామన్నాను. మేం పోయేసరికి సగం మొక్కలు ఎండిపోయాయి. ఆమె మాకు తాగమని చెంబుతో నీళ్లిచ్చింది. ఆ చెంబు అందుకోవడానికి నాకు చేతులు రాలేదు.

బండెక్కాక మేస్త్రీ అన్నాడు: "రాయించిన తేదీ అడిగితివి. నీళ్లు పెట్టి ఎన్ని దినాలైందో అడగలేదే."

ఆ సాయంత్రమే కార్డులో కొత్తగా ఒక గడి చేర్చాను. చేలో పంట ఉండి, నీళ్లు పెట్టి ఎక్కువ రోజులైన పని పైకి వచ్చేటట్టు మార్చాను. అప్పటినుంచి రోజూ పొద్దున ఆ అంకెలు చదివి వినిపిస్తే, ఆయన తువ్వాలు దులిపి సరే అనేవాడు. ఇట్లాంటి సాఫ్ట్‌వేర్లు చిన్న వ్యాపారాలకు పనికొస్తాయా అని ఎవరైనా అడిగితే, వస్తాయనే చెబుతాను. ఏమి అడగాలో తెలిసిన మనిషి మాత్రం పక్కన ఉండాలి. ఇప్పుడు ఆ మనిషి లేడు. కార్డులు చూసుకుని బండ్లు వెళ్లిపోతాయి, నేను ఎవరికీ ఏమీ చదివి వినిపించను. మా నాయన పోయినప్పుడు కూడా ఇంత ఒంటరినని అనిపించలేదు. అప్పుడు మేస్త్రీ ఉన్నాడు.

ఆయనను పూడ్చి, మట్టి చేసి వచ్చిన రోజే ఆయన ఇంటి వెనక్కి పోయాను. అర ఎకరం టమోటా తోట. మొక్కలు వాడిపోయి నేలకు వాలి ఉన్నాయి. నేను చూడడం చూసి ఆయన భార్యే చెప్పింది.

"మోటరు కాలి తొమ్మిది దినాలైందప్పా. అందరివీ అయినాక మనది చూద్దాంలే అంటా ఉండె."

ఆయన పేరుతో కార్డు లేదు. ఊరందరినీ అడిగిన ఆ మాట, రోజూ ఎదురుగా కూర్చున్న ఆయనను నేను ఒక్కనాడూ అడగలేదు.

రెండు రోజుల్లో ఆ మోటరు ఎత్తి, బాగుచేసి దించాం. స్విచ్చి వేయగానే కాలవలో నీళ్లు పడ్డాయి. మొదటి మడి నిండి నీళ్లు గట్టు మీద పొర్లుతున్నాయి. నీళ్లు పక్క మడికి తిప్పాలి. మావాళ్లు నా వైపు చూస్తున్నారు. ఆయన పార ఇంటి గోడకు ఆనించి ఉంది, దాని అంచున పాత మట్టి ఎండి పెచ్చుకట్టి ఉంది. నేనే పోయి దాన్ని అందుకున్నాను.