పెనాంగుకు పోయేముందు అడిగిన పువ్వు

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నీళ్లలోంచి చూస్తున్నట్టే ఉంటుంది. పిల్లల కోసం చెన్నైలో వైద్యం చేయించుకుని, ప్రతిసారీ కడుపు నిలవక, తిరువళ్ళూరు రైలెక్కేదాన్ని. కిటికీ అవతల పొలాలు మెల్లగా తేలిపోతుండేవి. మా ఆయన పాత్రల అంగడి సంపాదనంతా సూదులకూ స్కానింగులకూ కరిగిపోయింది. అయినా ఆ మాట ఒక్కనాడూ ఆయన నోట రాలేదు. దేవుడు నాకిచ్చినవాటిలో అదొకటి.

అప్పుడు మలేషియాలో, పెనాంగులో ఉండే మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. అక్కడి ఆసుపత్రిలో చివరిసారిగా చూద్దాం రమ్మంది. పోవాలంటే కనకమ్మ సత్రం ఊరి దగ్గర మా అత్తగారికి పుట్టింటివాళ్లిచ్చిన వేరుశనగ చేను అమ్మాలి.

"అమ్మేస్తాం" అంది అత్త.

"వద్దత్తా. మళ్లా నిలవకపోతే?"

"నీ మాటా వద్దు, నా మాటా వద్దు. అమ్మోరినే అడుగుదాం."

మా ఇళ్లలో ఏదైనా తేలకపోతే పువ్వు అడుగుతాం. తెల్లపువ్వొకటి, ఎర్రపువ్వొకటి ఆకుల్లో చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతాం. పూజారి ఒక పొట్లం తీస్తాడు. తెల్లదైతే సరే, ఎర్రదైతే వద్దని అర్థం. అప్పుడు ఆడి నెల. ఆషాఢంలాగే అందులో ఏ పనీ మొదలుపెట్టం కానీ, అడగడానికి మాత్రం అది అమ్మవారి నెలే.

నేను ఎర్రపువ్వే రావాలని మొక్కుకున్నాను. నా ఒళ్లు అలసిపోయింది. అమ్మవారే వద్దంటే చేనూ మిగులుతుంది, ఎవరికీ మాట రాదు.

చేను పక్కనే అమ్మవారి చిన్నగుడి. ముగ్గురం పోయాం. అత్త ఇంటి దగ్గరే కట్టి తెచ్చిన పొట్లాలు పూజారికి ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. నందివర్ధనం. అత్త కళ్లకద్దుకుంది. అంతలో మేక ఒకటి మెడ సాచి రెండో పొట్లం ఆకు లాగింది. అందులోంచి పడిందీ నందివర్ధనమే.

పూజారి నోరు తెరిచాడు. "యేమ్మా, ఇదీ తెల్లదేనా?"

"అమ్మా! అమ్మోరినే ఏమారుస్తావా?" అన్నాడు మా ఆయన.

అత్త చీర కొంగు సర్దుకుంది. "ఏమార్చింది యాడరా? పోదామా వద్దా అని నేను అడగలా. ఏ పువ్వు చేతికిచ్చి పంపిస్తావు తల్లీ అని అడిగినా. నువ్వు గమ్మునుండు."

పూజారి నవ్వాపుకోలేక గంట కొట్టేశాడు. నాకు మాత్రం కళ్లు మసకబారాయి. నాకోసం దేవతకే వద్దనే దారి మూసిన మనిషి పక్కన నిలబడి, నేను వద్దని ఎట్లా అనను? "పోతాను అత్తా" అన్నాను.

పెనాంగు నాకు సగం కలలాగే గుర్తుంది. మత్తుమందు దిగేవేళ సముద్రపు గాలి గదిలోకి వచ్చేది. మంచం చుట్టూ అలలు, అలల మీద పసుపుపచ్చని వేరుశనగ పూలు. ఎవరో నా నుదుట చేయి వేసేవారు. కళ్లు తెరిస్తే నర్సమ్మ. ఆమె భాష నాకు రాదు, ఆ చేతి చల్లదనానికి ఇప్పటికీ దండం పెడతాను.

కొన్నాళ్లకు రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. నిలవలేదు. ఇక ప్రయత్నించినా ఒళ్లు తట్టుకోదని మెల్లగా చెప్పింది.

అత్తకు ఫోన్ చేశాను. "చేను ఊరికే పోయిందత్తా" అని ఏడ్చాను.

"చేను యాడికి పోతాది మ్మా? ఆడనే ఉండాది. ఇంకెవరో శనక్కాయలు వేస్తారు, తింటారు. ఆ ఊళ్లోనూ కొండ మీద మురుగన్ ఉండాడంట గదా. అంత దూరం పోయి సామిని చూడకుండా రావద్దు."

మరునాడు మా ఆయనా నేనూ ఆ కొండెక్కాం. వానవెలిసిన మెట్లు, కింద మబ్బుల్లో మునిగిన ఊరు. మా తిరుత్తణి మురుగన్ ముందు మొక్కు లేకుండా నేనెప్పుడూ నిలబడలేదు. ఇక్కడ ఎంత వెతికినా అడగడానికి ఒక్క మాట దొరకలేదు. దొరకకపోతే భయమేస్తుందనుకున్నాను. వేయలేదు. సామి నన్ను చూస్తున్నాడు, నేను సామిని చూస్తున్నాను, అంతే.

దిగుతుంటే మా ఆయన అడిగాడు, "ఏం మొక్కుకున్నావు?"

"ఏం లేదు బావా."

"నేనూ అంతే" అని ఆయన నా చేయి పట్టుకున్నాడు, మెట్లు జారుతున్నాయని.