ధనమ్మ పన్నెండో పాలసీ

ధనమ్మకి చదువు అన్నం పెట్టలేదు, పొలం పెట్టలేదు, కట్టుకున్నవాడు అసలే పెట్టలేదు. ముక్కు పెట్టింది. నవ్వకండి, నిజం. సంగం జాగర్లమూడిలో పెళ్ళివంటలకి కూరగాయలు తరగడానికి వెళ్ళే రోజుల్లోనే, గాడిపొయ్యికి పదడుగుల దూరంలో కత్తిపీట ముందు కూచుని "పప్పు అడుగంటబోతోంది, చూసుకోండి!" అని అరిచేదట. వెళ్ళి గరిట పెట్టి చూస్తే అప్పుడప్పుడే అంటుకోవడం మొదలై ఉండేది. వంటమేస్త్రీలకి ఒళ్ళు మండేది. అయినా మర్నాటి పెళ్ళికి మళ్ళీ ధనమ్మకే కబురు పంపేవాళ్ళు.

తర్వాత తెనాలికి మకాం మార్చి, తీర్థయాత్రలు నడిపే జయకృష్ణ దగ్గర వంటమనిషిగా కుదిరింది. ఆ యాత్రల సంగతి తెలిసిందే కదా. ఖాట్మండు వెళ్ళినా, కొలంబో వెళ్ళినా మనవాళ్ళకి మధ్యాహ్నం పప్పు, పులుసు, పెరుగు పడాల్సిందే. లేకపోతే దేవుడి దర్శనం కూడా రుచించదు. అందుకని నలభై మంది పెద్దవాళ్ళతోపాటు గిన్నెలూ, పొయ్యిలూ, ధనమ్మా, ఆమెకి చేదోడుగా పిట్టలవానిపాలెం యలమందా బయల్దేరేవాళ్ళు. ఏడాదికి నాలుగైదుసార్లు దేశం దాటాల్సి వచ్చేది. ప్రతిసారీ విడివిడిగా ఎందుకని, ఏడాది పొడుగునా పనికొచ్చేలా ఒకటే ట్రావెల్ ఇన్సూరెన్స్ చేయించేవాడు జయకృష్ణ. డబ్బు కూడా ఆయనే కట్టేవాడు.

ఈ యాత్రల వంటకి ఒక నియమం ఉంది. వండింది ముందు దేవుడికి నైవేద్యం పెట్టాలి. అదయ్యేదాకా వంటమనిషి ఒక్క చుక్క నాలుక మీద వేసుకోకూడదు, ఎంగిలైపోతుంది. మరి ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెలా? వాసనతో. మూత తీసి, ఆవిరిని అరచేత్తో ముఖం మీదికి తోసుకుని, ఒక్కసారి పీల్చి "ఇంకో గుప్పెడు వెయ్యరా యలమందా" అనేది ధనమ్మ. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తప్పు చెప్పలేదు.

అలాంటి ముక్కు పోయింది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, రెండువేల ఇరవైయొకటి మే నెలలో, రేపల్లెలో చెల్లెలు సుశీల ఇంటికి వెళ్ళి అక్కడే మంచం పట్టింది. పన్నెండు రోజులు జ్వరం. తగ్గింది, లేచింది, పదమూడో రోజు సుశీల చారు పోపు పెడుతుంటే పక్కనే నుంచుంది. ఇంగువ చిటపటలాడింది. ధనమ్మకి చప్పుడే వచ్చింది, వాసన రాలేదు. ఒంగి మూకుట్లోకి ముఖం పెట్టబోయింది. "ఏంటే అక్కా, కాల్చుకుంటావా?" అని సుశీల వెనక్కి లాగింది. ఏమీ లేదంది ధనమ్మ. అప్పట్నుంచీ అందరితోనూ అదే మాట, ఏమీ లేదు.

వారంలో వస్తుందనుకుంది. నెలలో వస్తుందనుకుంది. ఎనిమిది నెలలైనా రాలేదు. నాలుక మీద ఉప్పూ పులుపూ కారం తెలుస్తున్నాయి, అంతే. తెనాలి వచ్చాక గ్యాస్ పొయ్యి వెలిగించాలంటే భయం. రోజూ పొద్దున్నే గొట్టానికి సబ్బు నురగ రాసి, బుడగలు వస్తున్నాయేమోనని కళ్ళజోడు పెట్టుకుని చూసుకునేది. పాలు విరిగాయేమోనని భయం, పప్పు పాచిపోయిందేమోనని భయం. ఒక్కతే ఉండే ఇంట్లో ఇన్ని భయాలకి చోటెక్కడిదో!

జనవరిలో జయకృష్ణ ఫోన్ చేశాడు. "పిన్నిగారూ, శ్రీలంక యాత్ర ఖాయమైందండి. ఫిబ్రవరి ఆఖర్లో. మీ పాలసీ ఈ నెలతో అయిపోతోంది, రెన్యువల్ చేయించెయ్యండి. కాకపోతే రేట్లు మండిపోతున్నాయి. కరోనాకి ముందు రేటు ఎంతో అంతవరకే నేనివ్వగలను, పైది మీరు చూసుకోవాలి." రెండేళ్ళుగా పని లేని మనిషికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే ముక్కు గుర్తొచ్చింది. ఆదివారం బాపట్ల సత్రంలో, యాత్రకి పేర్లు రాయించుకున్నవాళ్ళందరికీ భోజనం పెట్టాలని కూడా చెప్పాడు. అది ఆయన ఆనవాయితీ. వంట ఎలా ఉంటుందో ముందే తిని చూసుకుంటే జనానికి ధీమా.

పాలసీ రాసేది షంషుద్దీన్, ఇప్పటికి పదకొండు రాశాడు. తెనాలి బజార్లో అత్తరు కొట్టు ఆయనది, ఇన్సూరెన్సు ఏజెన్సీ పక్క వ్యాపారం. ఏటా ధనమ్మ వెళ్ళగానే ఇద్దరికీ ఓ సరదా నడిచేది. ఆయన ఏదో ఒక సీసా మూత కాస్త వదులు చేసేవాడు, ఈవిడ గుమ్మంలో ఉండగానే "వట్టివేళ్ళు" అనో "గులాబీ, అందులోనూ పోయినేటిది" అనో చెప్పేసేది. ఆయన ఓడిపోయినట్టు తల కొట్టుకుని, ఆమె మణికట్టుకి ఓ చుక్క రాసేవాడు.

ఈసారి వెళ్ళి తిన్నగా బల్ల మీద కూచుంది. కొట్టు ముందు ఎవరో ఆగి, మాస్కు మీద కొంగు కూడా అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు. ధనమ్మ పట్టించుకోలేదు.

"ఎంతన్నా ఈసారి?"

షంషుద్దీన్ ఆమెకేసి వింతగా చూసి, కాగితం తీశాడు. "రెండువేల ఇరవైలో రెండువేల ఎనిమిది వందలు కట్టారు. నిరుడు ఒక్క ప్రయాణం లేకపోయినా ఐదువేల రెండొందలు. ఇప్పుడు పదకొండువేల ఆరొందలు చెల్లెమ్మా. మీకు అరవై దాటింది కదా, అదొకటి. కోవిడ్ ఆసుపత్రి ఖర్చు కలపనిదే అక్కడ కాలు పెట్టనివ్వరు, అదొకటి."

"అమ్మో! యాత్రంతా వండితే నాకొచ్చేదే పదిహేనువేలు!"

"కడుపు మండే మాటే. సరే, రాసుకుందాం. బీపీ?" లేదు. "షుగర్?" లేదు. "కోవిడ్ వచ్చిందా?" "వచ్చింది, పోయింది." "ఏమైనా మిగిలిందా? నీరసం, ఆయాసం... వాసన తెలియకపోవడం?"

"ఏమీ లేదన్నా. ఏమీ లేదు."

ఆయన కలం కింద పెట్టాడు. "పొద్దున మొగలిపువ్వు అత్తరు సీసా పగిలింది చెల్లెమ్మా, సరిగ్గా మీ కాళ్ళ దగ్గరే. వీధి చివరిదాకా కొడుతోంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు. మీరొక్కరే ఏమీ అనలేదు."

ధనమ్మ కిందికి చూసింది. గచ్చు మీద తడి మరక, గోడ మూల ఊడ్చిపెట్టిన గాజుపెంకులు.

"రాయకన్నా," అంది, రెండు చేతులూ పట్టుకున్నంత పని చేసి. "రాస్తే జయకృష్ణకి తెలుస్తుంది. ముక్కు లేని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు?"

"రాస్తే పంతొమ్మిది వేల నాలుగొందలవుతుంది. డాక్టరు కాగితం కూడా అడుగుతారు. రాయకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? యలమంద సంగతి మీ కళ్ళముందు జరిగిందే కదా." ఆయన గొంతు తగ్గించాడు. "సోమవారందాకా ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది. ఆలోచించుకోండి."

యలమంద సంగతి ధనమ్మ మరిచిపోతే కదా! లాక్‌డౌన్ పెట్టిన మార్చిలో వాళ్ళ బృందమంతా నేపాల్లో చిక్కుకుపోయింది. యలమందకి షుగర్. పాలసీ ఖర్చు పెరిగితే జయకృష్ణ వద్దంటాడేమోనని ఫారంలో రాయించలేదు. తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి, దుకాణాలు మూసేశారు, వారం తిరక్కుండా పొయ్యి ముందే కుప్పకూలాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మూడు లక్షల నలభైవేలు బిల్లు. జబ్బు దాచారు కాబట్టి పైసా ఇవ్వమని కంపెనీ ఉత్తరం రాసింది. ఉన్న అరెకరం అమ్మితేగానీ మనిషి ఇంటికి రాలేదు.

ఆదివారం బాపట్ల సత్రంలో నలభై మందికి వంట. ఈ గండం గట్టెక్కడానికి ధనమ్మ ఒక ఎత్తు వేసుకుంది. ఇంటి దగ్గరే ఉప్పు కొలిచి నాలుగు పొట్లాలు కట్టుకొచ్చింది. పప్పుకొకటి, పులుసుకొకటి, కూరకొకటి, చారుకొకటి, నాలుగూ ఒకే కొలత. ఇక వాసనతో పనేముంది? మాస్కు ఉంది కాబట్టి ముక్కు ఆడుతోందో లేదో చూసేవాళ్ళూ లేరు. కూరలో వేసింది, చారులో వేసింది. మూడో పొట్లం విప్పుతుండగా జయకృష్ణ గుమ్మంలోంచి "పాలసీ అయిపోయిందా పిన్నిగారూ?" అనడిగాడు. "అవుతోంది బాబూ," అంది. ఏదో చెప్పింది, ఏదో నవ్వింది. ఆయన వెళ్ళాక చూసుకుంటే ఖాళీ కాగితాలు మూడు, విప్పని పొట్లం ఒకటి. మూడోది పప్పులో వేసిందా, పులుసులో వేసిందా?

ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. రెండు గిన్నెలూ ఉడుకుతున్నాయి. పప్పు మూత తీసి పీల్చింది, పులుసు మూత తీసి పీల్చింది. వేడి తగిలింది తప్ప ఏమీ లేదు. మాస్కు కిందికి లాగి మళ్ళీ పీల్చింది. ఆ క్షణంలో ఆవిడకి పట్టిన భయం నేపాల్లో కూడా పట్టలేదు. పొట్లం తప్పు గిన్నెలో పడితే ఒకటి ఉప్పు కషాయం, ఇంకోటి చప్పిడి. నలభై మంది ముందు పరువూ, పనీ ఒక్కసారే పోతాయి.

"అమ్మా, నైవేద్యానికి పళ్ళెం తేవచ్చాండీ?" అని బయటినుంచి కేక.

ధనమ్మ గరిటతో పులుసు తీసింది. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. ఎవరు చూస్తారు? దేవుడు చూస్తాడు. చెయ్యి పెదాలదాకా వచ్చి ఆగిపోయింది, పులుసు కొంగు మీద ఒలికింది.

"అక్కా!" యలమంద వచ్చి గరిట లాక్కున్నాడు. ఆవిడ ముఖం చూశాడు, చేతిలో పొట్లం చూశాడు. ఇంకేమీ అడగలేదు. ఆవిడ నేర్పినట్టే అరచేత్తో ఆవిరి తోసుకుని రెండు గిన్నెలూ పీల్చి, పొట్లం తీసుకుని పులుసులో కుమ్మరించాడు. "దీన్లో లేదు. పళ్ళెం పంపించెయ్ ముందు."

పళ్ళెం వెళ్ళాక అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"మే నుంచి రా. చచ్చిపోతున్నాను భయంతో."

"పాలసీలో రాయించావా?"

ధనమ్మ తల అడ్డంగా ఊపింది. యలమంద చొక్కా జేబులోంచి మడతలు నలిగిపోయిన కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. పైసా ఇవ్వమన్న ఆ ఉత్తరమే. రెండేళ్ళుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. "నా అరెకరం ఇదే అక్కా. ఈసారి షుగరని రాయించాను, రెట్టింపు కట్టాను. కడుపు కాలింది, కానీ కంటికి కునుకు పడుతోంది. నువ్వు పరాయిదేశంలో పడిపోతే అమ్ముకోడానికి నీకేముంది?"

భోజనాలయ్యాయి. పులుసు బ్రహ్మాండంగా ఉందని ముసలాయన ఒకాయన రెండోసారి వేయించుకుని మరీ చెప్పి వెళ్ళాడు. ఆ మెప్పు తనది కాదని ధనమ్మకి తెలుసు. తిన్నగా జయకృష్ణ దగ్గరికి వెళ్ళి "బాబూ, నాకు వాసన తెలియడం లేదు. ఎనిమిది నెలలైంది," అనేసింది.

"ఏంటి పిన్నిగారూ ఇది! పాలు విరిగితే మీకెలా తెలుస్తుందండి? గ్యాసు లీకైతే? డెబ్భై ఏళ్ళవాళ్ళని మీ చేతిలో పెడుతున్నానే!"

"అందుకే చెప్పాను బాబూ."

"ముక్కు నాదండి, చెయ్యి అక్కది," అన్నాడు వెనకే వచ్చిన యలమంద. "ఇవాళ తిన్న పులుసు అలాగే అయింది. మీరే తిన్నారుగా."

జయకృష్ణ "ఈ ఒక్క యాత్రకి చూద్దాం. ఉన్నది ఉన్నట్టు రాసిన పాలసీ చేతిలో ఉంటేనే విమానం. ఆ పైన నేను మాట ఇవ్వలేను," అన్నాడు.

మర్నాడు షంషుద్దీన్ కాగితం మీద ఉన్నదంతా రాశాడు. డాక్టరు కాగితం జత చేశారు. జయకృష్ణ ఇచ్చిన రెండువేల ఎనిమిది వందలకి చీటీ పాడిన డబ్బు కలిపి పంతొమ్మిది వేల నాలుగొందలు లెక్కపెట్టి బల్ల మీద పెడుతుంటే, ఈ యాత్ర జీతమంతా పోయి ఇంకా చేతి డబ్బు పడుతోందని ధనమ్మకి తెలుసు. కానీ యాత్ర వదిలితే వంటమనిషి ధనమ్మ అన్న మాటే ఉండదు. పది రోజులకి పాలసీ వచ్చింది. షంషుద్దీన్ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు.

"చెప్పన్నా, ఏంటి?"

"ముక్కుకి గానీ, వాసనకి గానీ సంబంధించిన ఏ జబ్బుకీ, దానివల్ల జరిగే ఏ ప్రమాదానికీ ఈ పాలసీ వర్తించదు అని రాశారు చెల్లెమ్మా. ముందునుంచీ ఉన్నదానికి ఇవ్వరట."

"అంటే గ్యాసు వాసన తెలియక నేను కాలిపోతే?"

ఆయన కాగితం మడిచాడు. "ఇవ్వరు. జ్వరమొస్తే ఇస్తారు, కాలు విరిగితే ఇస్తారు."

ఇంత కట్టి, ఇంత చెప్పుకుని, దేనికైతే హడలి చస్తోందో సరిగ్గా దానికే లేదు! ధనమ్మ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని పాలసీని సంచిలో సబ్బుబిళ్ళ పక్కన పెట్టుకుంది. ఆ సబ్బు కూడా కొలంబో వెళ్తోంది, గొట్టానికి రాయడానికి.

లేచి వెళ్ళబోతూ, ఏటా లాగే మణికట్టు చాచింది. షంషుద్దీన్ ఒక్క క్షణం తటపటాయించి, అలమారలోంచి ఓ సీసా తీసి చుక్క రాశాడు. ధనమ్మ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చింది.

"ఇదేంటో నువ్వే చెప్పన్నా," అంది.