ఆవకాయ జాడీ మీద పగ

లాక్‌డౌన్‌లో జర్మనీలోని వాల్డార్ఫ్ తెలుగువాళ్ళకు విమానాలు ఆగినందుకన్నా ఊరగాయ పార్సిళ్ళు ఆగినందుకే ఎక్కువ దిగులు పట్టుకుంది. అందుకే శనివారం సాయంత్రాల వీడియో కాల్ పోకర్‌లో యూరోలు మానేసి ఊరగాయలే పందెం కాసేవారు. ఓడినవాళ్ళు మర్నాడు గెలిచినవాళ్ళ గుమ్మంలో సీసా పెట్టి, బెల్లు కొట్టి, దూరంగా జరగాలి.

ఛాయాదేవి జాడీ అలాగే పోయింది.

"స్పూన్ల లెక్కన ఎన్నాళ్ళాడతావు చెల్లెమ్మా? గుండె లేనివాళ్ళకి పేకాటెందుకు?" అన్నాడు పై వాటా రవీంద్రనాథ్. ఆవిడ రోషానికి పోయి, అమ్మ పెట్టి పంపిన ఆవకాయ జాడీ మొత్తం ఒక్క ఆటలో ఒడ్డింది. ఆవిడ రెండు జతలూ అతని మూడు రాణుల ముందు తేలిపోయాయి.

ఆ తర్వాత ప్రతి శనివారం అతను కెమెరా ముందే ముద్దపప్పులో ఆ ఆవకాయ కలుపుకునేవాడు. "మీ అమ్మగారి చెయ్యే చెయ్యి!" అని మెచ్చుకునేవాడు కూడా.

పగ తీరేదాకా దివాలా తియ్యకూడదని ఛాయాదేవి నియమం పెట్టుకుంది. ఉన్న ఊరగాయలో ఇరవయ్యో వంతుకు మించి ఏ ఆటలోనూ పెట్టదు. ముక్కలు బాగోకపోతే మారుమాటాడకుండా పడేస్తుంది.

"స్పూను చింతకాయ పచ్చడికి ఇంత ఆలోచనేంటే?" అన్నాడు భర్త శ్రీచరణ్.

"మీరు తినండి, నేను ఆడతాను."

ఆడుతూనే ఒకటి కనిపెట్టింది. మంచి ముక్కలు పడితే రవీంద్రనాథ్ తినడం మర్చిపోతాడు. ఉత్త బెదిరింపైతే చప్పుడయ్యేలా వేళ్ళు నాకుతాడు.

వసంతం వచ్చేసరికి ఆవిడ అల్మరా నిండింది. ఆ శనివారం అతను వేళ్ళు నాకుతూ, "నీ జాడీయే పెడుతున్నా. ఉందా గుండె?" అన్నాడు. ఓడినా అల్మరాలో ఓ మూల మాత్రమే ఖాళీ అవుతుందని చూసుకుని, ఆవిడ సరేనంది. అతని చేతిలో జతైనా లేదు.

మర్నాడు బెల్లు మోగింది. గుమ్మంలో జాడీ. లోపల గోడలకంటిన ఎర్రటి నూనె, ఆవపిండి, అంతే. మెట్ల మలుపులో మాస్కు వెనక నుంచి రవీంద్రనాథ్ నసిగాడు. "మొన్ననే అయిపోయింది చెల్లెమ్మా. భయపడి వదిలేస్తావనుకున్నా."

"పర్లేదన్నయ్యా."

ఆ తర్వాతి శనివారం ఛాయాదేవి కెమెరా ముందు ఆ జాడీలోనే పొగలు కక్కే అన్నం వేసింది. నెయ్యి వేసింది. చెయ్యి పెట్టి గోడల చుట్టూ తుడుస్తూ, అన్నం ఎర్రబడేదాకా కలిపింది. పందెంలో చూపించడానికని ఆ జాడీని కడగకుండా, అన్నం కలుపుకోకుండా దాచుకున్న రవీంద్రనాథ్ నోరు తెరిచి చూస్తుండిపోయాడు.

"ఒక్క ముద్ద పందెం పెట్టు చెల్లెమ్మా," అన్నాడు చివరికి.

"ఇరవయ్యో వంతు దాటుతుందన్నయ్యా," అంటూ ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుని, తీరిగ్గా వేళ్ళు నాకింది.