పడుగు సాచిన వీధి

బెజవాడ నుంచి వరంగల్లు వచ్చిన మర్నాడే మా నాలుగేళ్ల అమ్మాయికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. అప్పటికింకా నిజాం రాజ్యం. దుకాణాల మీది ఉర్దూ బోర్డులు నాకు ఒక్కటీ అర్థం కావు. పిల్లను భుజాన వేసుకుని, ఆసుపత్రికి దారి అడుక్కుంటూ మట్టెవాడలో ఒక సందు మలుపు తిరిగి ఆగిపోయాను.

ఇరుకు వీధి. ఈ చివర నుంచి ఆ చివర దాకా నేతవాళ్లు నడుమెత్తున పడుగు సాచి, ఆ నూలుకు గంజి పట్టిస్తున్నారు. కాలు పెట్టే చోటు లేదు.

"దవాఖానకు వేరే దారి ఉందా?" అని దాదాపు అరిచాను.

గంజి చేతులతోనే ఒకావిడ పిల్ల నుదురు చూసింది. "వేరే తొవ్వెందుకన్నా? మా ఇంట్లకెల్లి పోండ్రి. పెరటి దర్వాజ దాటితే దవాఖాననే."

గడప ముందు చెప్పులు విడవబోయాను.

"ఉండనియ్యిండ్రి. పడుగు సాచిన నాడు మా ఇల్లే బజారు."

మా వైపు పరాయివాడు అరుగు దాటి లోపలికి రావడం నేనెరగను. ఇక్కడ మగ్గం పక్కనుంచి, పొయ్యి మీది కూర పక్కనుంచి, దేవుడి పటాల ముందునుంచి చెప్పులతో నడిచాను. అన్నం తింటున్న ముసలాయన తల కూడా ఎత్తకుండా, కాళ్లు కాస్త ముడుచుకుని దారిచ్చాడు.

డాక్టరు మలేరియా అన్నాడు. క్వినైన్ ఇచ్చి, భయం లేదన్నాడు. అప్పుడు గాని నాకు ఊపిరాడలేదు.

జ్వరం తగ్గాక మళ్లీ చూపించడానికి అదే దారిన వచ్చాం. పడుగు లేదు, వీధంతా ఖాళీ. మా పిల్ల మాత్రం నా చెయ్యి విడిపించుకుని, చెప్పులతోనే ఆవిడ గడప ఎక్కేసింది.